బర్మా ప్రవేశము: అనుమతి పత్రములు

విదేశమునకు బోవువాడు తన వెంట గొనిపోవలసిన కాగితములను గూర్చి వ్రాయుట పత్రికల పని కాదని కొందరు తలంపవచ్చును. ఏ కచ్చేరీలో ఏ దరఖాస్తు పెట్టవలెనో, ఎంత రుసుము చెల్లింపవలెనో ప్రయాణపు ఏజెంట్లే చెప్పుదురు గదా! కాని ఒక దేశపు ప్రవేశ నిబంధనలు మారుటచేత మన జిల్లాలలో వేలకొలది కుటుంబముల బ్రతుకు తలక్రిందులైన ఉదాహరణము మన కన్నులయెదుటనే యున్నది. వీసా యను మాట విన్నప్పుడు నేటి యువకులకు అమెరికా జ్ఞప్తికి వచ్చుచున్నది. మాకు మాత్రము ముందుగా బర్మాయే జ్ఞప్తికి వచ్చుచుండును.

1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బర్మా హిందూదేశములో నొక రాష్ట్రము. కాకినాడ, విశాఖపట్టణము, గోపాలపురము రేవులలో పొగయోడ నెక్కి రంగూనులో దిగుటకు చీటీ తప్ప వేరొండు కాగితము అక్కరలేకుండెను. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి మనవారు కోతల కాలమునకు పోయి, బియ్యపు మిల్లులలోను, రేవులోను, రిక్షాల యొద్దను పాటుపడి, రెండు మూడేండ్లకు ఇల్లు చేరుచుండిరి. కోరంగి రేవునుండి తొలుత పోయినవారి మూలమున తెలుగువారి కందరకును అచట ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడెను. పిదప కోరంగి రేవు పూడిపోయినది గాని పేరు పోలేదు. రంగూను మనియార్డర్లతో మడిచెక్క కొన్న కాపులును, అప్పు దీర్చుకొన్న చేనేతవారును మన తీరమున ఎందరో యుండిరి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలోని భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూను నగరములో సగమునకు మించినవారు మనదేశస్థులే.

ఈ స్వేచ్ఛకు వేరొక ముఖము కూడ నుండెను. సింహళమునకు, మలయాకు పోవు కూలీల రక్షణకై 1922లో వలస చట్టము పుట్టినది. బర్మా స్వదేశములోని భాగమే కావున ఆ చట్టము రంగూను కూలీకి వర్తింపలేదు. అతడు ఎచట దిగుచున్నాడో, ఏ మేస్త్రీకి ఎంత బాకీ పడియున్నాడో విచారించు అధికారి లేడు. పత్రము లేకుండుట స్వాతంత్ర్యమని మనవారు భావించిరి. పట్టించుకొనువాడు లేకుండుటయు నదే యని ఆలోచింపలేదు. 1930 మేలో రంగూను రేవు కూలీలైన తెలుగువారు జీతమునకై సమ్మె చేసిరి. ఓడల కంపెనీలు వారి స్థానమున బర్మీయులను పనిలోనికి దింపినవి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నవి. దానిపై చెలరేగిన దొమ్మీలో నూరుమందికి మించి చచ్చిరి. వారిలో తెలుగువారే పెక్కుమంది. తక్కువ కూలికి మనుష్యులను తెచ్చి, ఒకరిపై నొకరిని పురికొల్పి లాభము గడించినవారికి మాత్రము గాయమైనను తగులలేదు.

బర్మా విడిపోయిన పిమ్మట మూడేండ్ల వరకు రాకపోకలు పూర్వపురీతినే సాగవలెనని ఏర్పాటు జరిగినది. ఇంతలో 1938లో మరల అల్లరులు పుట్టినవి. భారతీయుల వలసను విచారించుటకు బాక్స్‌టరు దొర నియమితుడయ్యెను. భారతీయులు బర్మీయులను పనులనుండి పెద్దయెత్తున వెడలగొట్టిరనుటకు తగిన ఆధారము లేదని ఆయన తేల్చెను. రెండు ప్రభుత్వములును కూర్చుండి మాటలాడుకొనవలెనని సలహా యిచ్చెను. అంతట 1941లో గిరిజాశంకర వాజపేయి గారు మన ప్రభుత్వము పక్షమున రంగూనునకు పోయి, అప్పటి బర్మా ప్రధాని ఊ సా గారి మంత్రివర్గముతో ఒడంబడిక కుదుర్చుకొని వచ్చిరి. ఆ ఒడంబడికను పాఠకులు కొంచెము శ్రద్ధగా గమనింపవలెనని కోరుచున్నాము. ఏలయన నేటి వీసాలలోని కిటుకులన్నియు అందులో నున్నవి.

అటుపై పాసుపోర్టుమీద బర్మా వీసాయో, ప్రవేశ పత్రమో లేనిదే ఏ భారతీయుడును అచ్చట కాలు మోపరాదు. ప్రవేశ పత్రములు ‘ఏ’ యనియు ‘బి’ యనియు రెండు తరగతులు. ‘ఏ’ పత్రము గలవాడు కాలపరిమితి లేకుండ నుండవచ్చును, ఏ పనియైనను చేసికొనవచ్చును. దానికి రుసుము 500 రూపాయలు. ‘బి’ పత్రము కొలది యేండ్లకు మాత్రమే. కాలము తీరగానే తిరిగి రావలసినదే. 1941లో 500 రూపాయలనగా రేవు కూలి యొక్క ఎన్నినెలల కష్టార్జితమో లెక్కవేసికొనుడు. చెట్టిగారు ఆ సొమ్మును ఒక ఉదయమున చెల్లింపగలడు. మూటమోయువాడు జన్మలో చెల్లింపలేడు. బర్మా రైతుల భూములు తాకట్టుక్రింద ఎవరి వశమాయెనో యెరిగినవారికి ఈ నిబంధనయొక్క వింత బోధపడకపోదు. దేశమునకు బరువైనవానిని తలుపు తెరచి రమ్మనుటయు, బరువు మోసినవానిని గడపయొద్ద నిలుపుటయు!

అప్పటికే స్థిరపడియున్నవారి సంగతి మరింత విషమముగ నుండెను. గడచిన తొమ్మిదేండ్లలో మొత్తము ఏడేండ్లు బర్మాలో నివసించినట్లు ఋజువు చేసికొన్నవానికే నిలుకడగా నుండు హక్కు. ఋజువెట్లు? మిల్లు యజమాని జీతపు చిట్టాలో ‘కోరంగీ, 40 మంది’ యని వ్రాసికొనునే గాని పేర్లు వ్రాయునా? చదువురాని కూలీ తల్లి చచ్చినదని ఒకమారు, చెల్లెలి పెండ్లియని ఒకమారు ఇంటికి వచ్చిపోయెను. ఆ రాకపోకల చీటీలను దాచుకొనవలెనని అతనికి ఎవరు చెప్పిరి? ఇవిగాక, పురుషుడు బర్మీయ స్త్రీని వివాహమాడరాదను షరతును పత్రమునకు తగిలింపవచ్చుననియు నందు గలదు. అనుమతి పత్రము మనుష్యుని యింటిలోపలకు సైతము తొంగిచూచినది. మహాత్ముడు ఈ ఒడంబడికను నిరసించెను. దేశమంతటను అలజడి కలిగెను. భారతీయుల పేరిట సంతకము చేసిన ప్రభుత్వము భారతీయులచే ఎన్నుకొనబడినది కాదు గదా!

ఇందు మా యభిప్రాయము దాచుకొనము. తన దేశమున ఎవరు ప్రవేశింపవలెనో నిర్ణయించుకొను హక్కు బర్మాకు కలదు. స్వరాజ్యమునకై పోరాడిన జాతి పొరుగువారి స్వరాజ్యమును కాదనజాలదు. బర్మా తలుపునకు గడియ పెట్టుకొన్నందుకు మాకు కోపము లేదు. ముందునుండి లోపల నున్నవానిని, క్రొత్తగా వచ్చువానిని ఒకే త్రాసున దూచుటయు, ధనముచే మనిషి యోగ్యతను కొలుచుటయు మాకు సమ్మతము గాదు. రాబోవువానికి నిబంధన పెట్టుట ఒకటి; నిన్నటి దినమునకు నేడు నిబంధన పెట్టుట వేరొకటి.

ఆ ఒడంబడిక పూర్తిగ అమలుజరుగకముందే యుద్ధము వచ్చిపడెను. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. లక్షలకొలది భారతీయులు అరకాను కొండలమీదుగ, మణిపురము త్రోవను నడచి వచ్చిరి. దారిలో రోగములచేతను ఆకలిచేతను రాలిపోయినవారు అసంఖ్యాకులు. ఆ కనుమలలో ఎవరును ఎవరిని పత్రమడుగలేదు. వారు విడిచివచ్చిన పెట్టెలలో ఏడేండ్ల నివాసమునకు సాక్ష్యమేదైన నుండినయెడల అదియు నచ్చటనే బూడిద యయ్యెను. యుద్ధానంతరమున, 1947లో, బర్మా అత్యవసర వలస చట్టమును చేసికొన్నది. పూర్వపు ఇంటికి తిరిగి పోదలచినవాడు సైతము పాసుపోర్టు, వీసా లేక అనుమతి లేనిదే దిగుటకు వీలు లేకపోయెను.

1962లో సైన్యము అధికారమును చేజిక్కించుకొన్నది. 1964లో దుకాణములు జాతీయములైనవి, పెద్ద నోట్లు చెల్లకపోయినవి. భారతీయులు మరల ఓడ లెక్కిరి. ఈమారు వెడలిపోవుటకును అనుమతి, నగకును నగదుకును పరిమితి. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు ఆనాటి గుర్తు. అచ్చట మిగిలిన తెలుగు కుటుంబములకు 1982 పౌరసత్వ చట్టము మరియొక లెక్క చెప్పినది. 1823కు ముందునుండి ఆ గడ్డపై నున్న జాతులవారు పూర్ణపౌరులట. తక్కినవారు తమ పత్రములను బట్టి సహపౌరులో, అనుగ్రహించబడిన పౌరులో కావలెను. కోతకూలికి పోయిన తాత 1823కు ముందు పోయెనని మనుమడు ఎట్లు చూపును?

ఇక చూచిపోవుటకై వెళ్లు యాత్రికుని మాట. సైనిక ప్రభుత్వము మొదట 24 గంటలకు మించి ఎవరిని నిలువనీయలేదు. 1970 ప్రాంతమున దానిని ఏడు దినములు చేసినది. 2014లో ఇంటనుండియే దరఖాస్తు పంపి, 50 డాలర్లు చెల్లించి, 28 దినముల వీసా పొందు సౌకర్యము ఏర్పడినది. మొగలు వంశపు తుది చక్రవర్తి బహదూరు షా సమాధిని, బాలగంగాధర తిలకు ఆరేండ్లు కారాగారవాసము చేసిన మాండలేను చూడదలచినవారికి అది మేలే. కాని యాత్రికుల వీసాపై పోయినవాడు అనుమతి పొందిన హోటళ్లలోనే బసచేయవలెనను కట్టుబాటు మాత్రము వెంటనే యుండెను. మౌల్మేను ప్రాంతమున మేనత్త యిల్లు వెదకుకొనుచు పోయిన శ్రీకాకుళమువాడు, ఆమె పెట్టిన అన్నము తిని, రాత్రికి హోటలు చేరవలసినదే. 2021 ఫిబ్రవరి 1వ తేదీన సైన్యము మరల అధికారమును చేపట్టిన పిమ్మట అంతర్యుద్ధము ప్రబలి, విహారయాత్రల మాటయే వెనుకబడినది.

బర్మాతో సుస్థితి ఏర్పడి ప్రవేశ నిబంధనలపై మరల చర్చ జరుగునపుడు, వర్తకుల వీసాలు, విమానముల రాకపోకలు మన ప్రతినిధులకు తప్పక జ్ఞప్తికి వచ్చును. వానికై అడుగువారు ఢిల్లీలో కొదువ లేరు. బంధువులను చూడబోవువారికి వేరొక తరగతి వీసా, బంధువుల యింటనే బసచేయుటకు అనుమతి, ఇరువైపుల నివాసపు రికార్డులను వెదకి నకలు పొందు హక్కు – ఈ మూడింటిని మన ఆంధ్ర పార్లమెంటు సభ్యులు అడిగి తీరవలెను. మోన్ రాష్ట్రములో నేటికిని తెలుగు మాటలాడు గ్రామములు కలవు. అచటి వృద్ధులు బ్రతికియుండగనే ఆ పని జరుగుట యవసరము. వారి తరువాత, ఎవరు ఎవరికి మేనత్తయో చెప్పుటకు సాక్షులుండరు.