డిస్కు విభజన సాధనాలు – వాటి కరదీపికలు

యంత్రం ఎంత సమర్థమైనదైనా దానిని వినియోగించే విధానాన్ని వివరించే గ్రంథం అస్పష్టంగా ఉంటే ఆ సామర్థ్యం మనకు ఉపకరించదు. ఒక్కొక్కప్పుడు అపకారం కూడా చేస్తుంది. కంప్యూటరు డిస్కును భాగాలుగా విభజించే సాధనాల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఈ సాధనాలలో కొన్నింటికి బొమ్మలు, బటన్లు ఉండవు. తెర మీద ఆజ్ఞను టైపు చేయాలి. సాధనం మారుమాట లేకుండా దానిని పాటిస్తుంది. ఒక్క అక్షరం తప్పితే ఏళ్ల తరబడి కూడబెట్టిన పరిశోధన పత్రాలు, కుటుంబ ఛాయాచిత్రాలు, కార్యాలయపు లెక్కలు కనిపించకుండా పోవచ్చు. అందుచేత ఈ సాధనాల కరదీపికలు ఎట్లా ఉన్నాయి, ఎట్లా ఉంటే మేలు అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ముందుగా విభజన అంటే ఏమిటో తెలుసుకుందాం. గ్రామంలోని భూములకు నక్షా ఉంటుంది. ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అది చెబుతుంది. ఆ పొలంలో ఏ పంట ఉన్నదో చెప్పదు. డిస్కులో ఉండే పార్టిషన్ పట్టిక ఇటువంటి నక్షాయే. 1983లో డాస్ 2.0 తో పర్సనల్ కంప్యూటర్లలో వ్యాప్తికి వచ్చిన పాత పద్ధతిలో, డిస్కు మొదటి 512 బైట్లలో ఈ పట్టిక ఆక్రమించేది 64 బైట్లు మాత్రమే. భాగానికి 16 బైట్ల చొప్పున నాలుగు ప్రధాన భాగాల వివరాలు అందులో ఇముడుతాయి. తరువాత వచ్చిన జి.పి.టి. పద్ధతిలో సాధారణంగా 128 భాగాలకు చోటు ఉంటుంది. పట్టికకు మరొక ప్రతి డిస్కు చివర కూడా భద్రపరచబడుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. పట్టికలోని పద్దును తొలగించినంత మాత్రాన ఆ భాగంలోని సమాచారం వెంటనే చెరిగిపోదు. నక్షా చిరిగితే పంట పోదు కదా! కాని కొత్త నక్షా ప్రకారం ఎవరైనా నాగలి పట్టి దున్నితే పంట పోతుంది. కొత్తగా ఫైల్ సిస్టమ్ నెలకొల్పడం ఆ దుక్కి వంటిది. ఈ తేడా ఎరిగినవారు పొరపాటు జరిగిన వెంటనే పని ఆపి, పట్టికను పునరుద్ధరించే మార్గం వెదుకుతారు. ఎరుగనివారు కంగారులో మళ్లీ ఫార్మాట్ చేసి, మిగిలి ఉన్నదానిని కూడా పోగొట్టుకొంటారు. కరదీపిక ఈ ఒక్క సంగతిని మొదటి పుటలోనే చెప్పగలిగితే ఎంతో నష్టం తప్పుతుంది.

లినక్స్ కంప్యూటర్లలో విరివిగా వాడబడే ఇటువంటి సాధనాలు రెండు: ఎఫ్‌డిస్క్, పార్టెడ్. ఈ రెండింటి పని ఒకటే అయినా స్వభావం వేరు. ఎఫ్‌డిస్క్‌లో భాగాన్ని తొలగించినా, కొత్త భాగాన్ని చేర్చినా ఆ మార్పు కంప్యూటరు జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. ‘డబ్ల్యు’ అనే అక్షరం టైపు చేస్తేనే అది డిస్కుపై వ్రాయబడుతుంది. ‘క్యూ’ అనే అక్షరం టైపు చేస్తే ఏమీ మారకుండా బయటపడవచ్చు. పార్టెడ్ అట్లా కాదు. అందులో తొలగించమని ఆజ్ఞాపించిన క్షణంలోనే తొలగింపు జరిగిపోతుంది. మొదటిది చిత్తుప్రతి వ్రాసుకొని, సంతకం అయిన తరువాతనే దస్తావేజుగా చెల్లుబాటు చేసే పద్ధతి. రెండవది నోటి మాటనే దస్తావేజుగా స్వీకరించే పద్ధతి. ఎఫ్‌డిస్క్‌కు అలవాటుపడిన విద్యార్థి అదే ధైర్యంతో పార్టెడ్‌ను తెరిస్తే ఏమి జరుగునో ఊహించవచ్చు. కనుక ఏ విభజన సాధనపు కరదీపిక అయినా మొట్టమొదట సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది: ఏ క్షణంలో డిస్కుపై వ్రాత జరుగుతుంది? ఈ సమాధానం ఎక్కడో ఒక మూలన ఉంటే చాలదు. తొలగింపు ఆజ్ఞను వివరించే చోటనే ఉండాలి. భయపడుతున్న పాఠకుడు పుస్తకాన్ని మొదటినుంచి చదవడు, తనకు కావలసిన ఆజ్ఞ ఉన్న పంక్తి వద్దకే నేరుగా వెళతాడు.

కరదీపికలకు మంచి సంప్రదాయమే ఉన్నది. యూనిక్స్ మొదటి కరదీపిక 1971 నవంబరు 3వ తేదీతో వెలువడింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని కర్తలు. అందులో ఆజ్ఞలను వివరిస్తూ, వాటిలోని లోపాలను చెప్పడానికి ప్రత్యేకంగా ఒక శీర్షికను ఉంచారు. తమ సృష్టిలోని దోషాన్ని తామే ప్రకటించే ఈ నిజాయితీ తరువాతివారికి కూడా సంక్రమించింది. లినక్స్ ఎఫ్‌డిస్క్ కరదీపికలో ఒకప్పుడు ఆ సాధనాన్నే దోషభూయిష్టమని, వీలైతే దానిని వాడవద్దని, ముందుగా సీఎఫ్‌డిస్క్ అనే మరొక సాధనాన్ని ప్రయత్నించమని హెచ్చరిక ఉండేది. అయితే ఈ సంప్రదాయంలో ఒక కొరత కూడా ఉన్నది. ఇవి నిఘంటువుల వంటివి. పదం తెలిసినవారికి అర్థం చెబుతాయి. ఏ పదం వెదకాలో తెలియనివారికి దారి చూపవు.

ఆ దారి చూపడానికి కరదీపికలో ఏమేమి ఉండాలో మాకు తోచిన సూచనలు మనవి చేస్తాము.

మొదటిది, డిస్కును గుర్తించడం. లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు డిస్కులు కనుగొనబడిన క్రమాన్ని బట్టి వస్తాయి. నిన్న ఒక డిస్కుకు ఉన్న పేరు రేపు మరొకదానికి రావచ్చు. ఉదాహరణలో ఎస్‌డీఏ అని వ్రాస్తే పాఠకుడు దానినే యథాతథంగా టైపు చేస్తాడు. అది అతని ప్రధాన డిస్కే కావచ్చు. కనుక ఉదాహరణలలో ఏ యంత్రంలోనూ లేని కల్పిత నామాన్ని వాడి, ముందుగా ఎల్ఎస్‌బీఎల్‌కే అనే ఆజ్ఞతో డిస్కు పరిమాణాన్ని, నమూనాను సరిచూసుకోమని చెప్పాలి.

రెండవది, కొలతలు. అన్ని చోట్లా వీశె బరువు ఒకే తీరుగా లేని రోజులను పెద్దలు ఎరుగుదురు. కంప్యూటరులో ఆ తికమక ఇంకా మిగిలి ఉన్నది. పార్టెడ్‌లో 100 గిగాబైట్లు అంటే సరిగ్గా పది వేల కోట్ల బైట్లు. ఎఫ్‌డిస్క్‌లో 100 అంకె ప్రక్కన ‘జి’ అని మాత్రమే వ్రాస్తే అది 1024 గుణిజాలతో లెక్కించబడుతుంది. ఈ రెండింటికీ తేడా 737 కోట్ల బైట్లకు పైమాటే. ఏ కొలత ఏ లెక్కన అనే చిన్న పట్టిక ప్రతి కరదీపికలోనూ ఉండడం అవసరం.

మూడవది, భాగానికి, ఫైల్ సిస్టమ్‌కు గల భేదం. పార్టెడ్‌లో భాగాన్ని సృష్టించే ఆజ్ఞతో పాటు ఫైల్ సిస్టమ్ పేరు కూడా చెప్పవచ్చు. దానితో ఫైల్ సిస్టమ్ ఏర్పడిందని పలువురు భ్రమపడతారు. నిజానికి అక్కడ వ్రాయబడేది ఒక గుర్తు మాత్రమే; ఫైల్ సిస్టమ్‌ను వేరే సాధనంతో నెలకొల్పాలి. భాగం పరిమాణాన్ని మార్చడంలోనూ ఇంతే. కుదించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్‌ను, తరువాత భాగాన్ని కుదించాలి. పెంచేటప్పుడు ముందు భాగాన్ని, తరువాత ఫైల్ సిస్టమ్‌ను పెంచాలి. ఈ క్రమం తారుమారైతే కుదింపులో చివరి సమాచారం హద్దు దాటి పోతుంది.

నాల్గవది, ఏ రూపాంతరానికి వర్తిస్తుందో చెప్పడం. 2011లో వచ్చిన పార్టెడ్ 3.0 లో ఫైల్ సిస్టమ్ పరిమాణాన్ని మార్చే పాత ఆజ్ఞలు తొలగించబడ్డాయి. 2014 నాటి 3.2 లో భాగం హద్దును మాత్రమే మార్చే కొత్త ఆజ్ఞ వచ్చింది. పాత పద్ధతిని బోధించే వ్యాసాలు మాత్రం తేదీ లేకుండా చలామణి అవుతూనే ఉన్నాయి. తేదీ లేని సలహా కాలం చెల్లిన మందు వంటిది.

ఐదవది, వెనుకకు వచ్చే మార్గం. ఎస్ఎఫ్‌డిస్క్ అనే సాధనం పార్టిషన్ పట్టికను మామూలు అక్షరాల ఫైలుగా వ్రాసి ఇస్తుంది; అవసరమైనప్పుడు ఆ ఫైలు నుండే పట్టికను తిరిగి నిలుపుతుంది. పని ప్రారంభించకముందే ఈ నకలు తీసుకోవాలి. అదీ మరొక డిస్కులో ఉంచాలి. అదే డిస్కులో ఉంచితే పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్లవుతుంది. ఈ నకలు పట్టికకే గాని లోపలి సమాచారానికి కాదన్న హెచ్చరిక కూడా ప్రక్కనే ఉండాలి.

ఆరవది, సాధన. ఎఫ్‌డిస్క్, పార్టెడ్ నిజమైన డిస్కు మీదనే గాక, మామూలు ఫైలు మీద కూడా పనిచేస్తాయి. 100 మెగాబైట్ల ఖాళీ ఫైలును సృష్టించి, దానినే డిస్కుగా భావించి విభజించవచ్చు, తొలగించవచ్చు, తిరిగి విభజించవచ్చు. చెడితే ఫైలు చెడుతుంది, అంతే. ఈత నేర్చుకొనేవారికి లోతులేని చెరువు గట్టు చూపినట్లు, ప్రతి కరదీపికా ఈ అభ్యాసంతోనే ప్రారంభం కావాలని మా అభిప్రాయం.

భాషను గురించి కూడా ఒక మాట. మన బజారులో పట్టిక మార్చినా, ఫైల్ సిస్టమ్ నెలకొల్పినా, మొత్తం చెరిపినా అన్నింటినీ ‘ఫార్మాట్’ అనే అంటారు. తెలుగులో వ్రాసేవారు ఈ మూడింటికీ మూడు మాటలు నిర్ణయించుకొని, చివరివరకు వాటినే వాడాలి. ఉర్దూలో వ్రాసేవారికి వేరొక చిక్కు ఉన్నది. ఉర్దూ కుడినుండి ఎడమకు, ఆజ్ఞ ఎడమనుండి కుడికి నడుస్తాయి. వాక్యం మధ్యలో డిస్కు పేరు వస్తే దాని మొదట ఉండవలసిన వాలుగీత చివరకు వచ్చినట్లు తెరపై కనిపించవచ్చు. చూచి టైపు చేసే విద్యార్థి తప్పు టైపు చేస్తాడు. అందుచేత ఆజ్ఞను వాక్యంలో కలపక, ఎడమనుండి నడిచే ప్రత్యేక పంక్తిగా ఇవ్వడం క్షేమం.

ఈ సాధనాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావడం వల్ల వాటి కరదీపికలను సవరించి పంపే అవకాశం అందరికీ ఉన్నది. ప్రోగ్రాము వ్రాయడం రానివారు కూడా ఈ పనికి అర్హులే. నిజానికి కొత్తగా నేర్చుకొనే విద్యార్థి ఏ పంక్తి వద్ద ఆగిపోయాడో నిపుణుడు ఊహించలేడు. ఆగిన విద్యార్థే చెప్పగలడు. మన విద్యార్థులు ఒక ఫైలు మీద అభ్యాసం చేస్తూ, తమకు అర్థం కాని ప్రతి వాక్యాన్నీ గుర్తించి, దాని స్థానంలో స్పష్టమైన వాక్యాన్ని వ్రాయ ప్రయత్నింతురు గాక. ఆ ఒక్క వాక్యం వలన ఎవరి సమాచారం నిలిచిందో వారికి తెలియకపోవచ్చు, కాని నిలుస్తుంది.