వణకే చేయి – తప్పని గురి

గద్వాల నేతగాడు కుప్పడం పద్ధతిలో నూలు చీరకు పట్టు అంచును కలుపుతున్నప్పుడు అతని వ్రేళ్లను గమనించవలె. ఒక్క పోగు తప్పినా కలయిక చెడుతుంది. ఆ వ్రేళ్లకు ఆజ్ఞ ఇచ్చేది మెదడు. ఆ ఆజ్ఞ సవ్యంగా చేరనప్పుడు చేయి వణకుతుంది, నడక మందగిస్తుంది, వ్రాత నానాటికి చిన్నదైపోతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలోనే కాదు, అంతటా దీనిని ముసలితనమని సరిపెట్టుకొనేవారు ఉన్నారు. ఆ సరిపెట్టుకొనడం వల్లనే చికిత్సకు అనువైన కాలం చేజారుతున్నది.

ఆయుర్వేదం కంపవాతమన్న వ్యాధికి దగ్గరగా, 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు ఒక రుగ్మతను వర్ణించాడు. అతని పేరే దానికి స్థిరపడింది. మెదడులో డోపమిన్ అనే ద్రవ్యాన్ని తయారుచేసే కణాలు క్షీణించడం ఇందుకు మూలం. ఆ లోటును తీర్చే మందు లెవోడోపా. మనకు దురదపుట్టించే దూలగొండి గింజలనుండి 1937లో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ పదార్థాన్ని వేరుచేశారు. ఐతే ఆ గింజలను స్వయంగా మందుగా వాడరాదు; మోతాదు వైద్యుడే నిర్ణయించవలె.

కొన్నేండ్లకు కొందరిలో మందు ప్రభావం నిలకడగా ఉండదు. అట్టివారిలో తగినవారికి శస్త్రచికిత్స ఉన్నది. 1987లో ఫ్రాన్సుదేశపు గ్రెనోబుల్ నగరంలో బెనబిడ్ అనే వైద్యుడు మెదడు లోపలి భాగానికి వేగవంతమైన విద్యుత్తరంగాలను పంపి వణుకు తగ్గడం గమనించాడు. నేడు సన్నని తీగను అక్కడికి చేర్చి, చర్మం క్రిందుగా ఛాతీవద్ద అమర్చిన చిన్న యంత్రంతో కలుపుతారు. గురి కొద్ది మిల్లీమీటర్ల ప్రదేశం. కొన్ని ఆసుపత్రులలో యంత్రహస్తం, అనగా రోబో, ముందే నిర్ణయించిన దారిలో పరికరాన్ని నిలుపుతుంది. దారిని నిర్ణయించేదీ, రోగికి బాధ్యత వహించేదీ వైద్యుడే. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఈ చికిత్స ఉన్నది.

ఇది వ్యాధిని రూపుమాపదు. మందుకు లొంగే వణుకును, బిగువును, చలన మాంద్యాన్ని తగ్గిస్తుంది. జ్ఞాపకశక్తి లోపాన్ని తీర్చదు. తలలో రక్తస్రావము, సోకుడు మొదలైన ప్రమాదాలు అరుదైనా ఉన్నవి. యంత్రపు బ్యాటరీని కాలక్రమాన మార్చవలసి రావచ్చు. వణుకులన్నీ పార్కిన్సన్ వ్యాధీ కావు. కనుక నిర్ణయం నాడీవైద్య నిపుణునిదే.

ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగలిగినది మొదటి మెట్టు. తాతగారి సంతకం ఏటికేడు చిన్నదైతే, పనిలేనప్పుడు ఒకవైపు చేయి వణకితే, వయసు సంగతి తరువాత మాట్లాడుకొందురు గాని ముందుగా వైద్యునివద్దకు తీసుకొనిపోండి.