మీరు కూర్చున్న చోటు ఆటకు తెలుస్తుందా?

"లే, ఆ కుర్చీలోంచి లే! నువ్వు అక్కడ కూర్చున్నప్పుడల్లా మనవాళ్ళకు పాయింటు పోతోంది!"

ఈ మాట మీరు ఇంట్లో విని వుంటారు. కొందరు అని కూడా వుంటారు! క్రికెట్టు ఒక్కటే కాదు, ఒలింపిక్సు వచ్చినా, ఆసియా క్రీడలు వచ్చినా టీవీ ముందు ఇదే తంతు. కాలు మీద కాలు వేసుకున్నప్పుడు పాయింటు వస్తే, ఇక తిమ్మిరి ఎక్కినా ఆ కాలు తియ్యకూడదు. నీళ్ళు తాగడానికి లేచినప్పుడు మనవాళ్ళు గెలిస్తే, పాపం ఆ లేచినవాడు ఆట అయిపోయేదాకా వంటింట్లోనే నిలబడాలి.

నవ్వులాటగా వున్నంతవరకు ఫరవాలేదు. కాని ఇది ఒక్కోసారి ఒకరి మెడకు చుట్టుకుంటుంది. ఎలాగో చెబుతాను.

2016 ఆగస్టు 19, శుక్రవారం. బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరో ఒలింపిక్స్‌లో మహిళల బాడ్మింటన్ ఫైనల్. ఒకవైపు మన తెలుగమ్మాయి పి.వి. సింధు, మరోవైపు స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్. మా రాజోలి తుంగభద్ర ఒడ్డున వున్న నేతగాళ్ళ ఊరు. (అప్పటికింకా మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది. జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది ఆ అక్టోబరులో.) ఆ సాయంత్రం చాలా ఇళ్ళలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఒక్కో టీవీ ముందు పదిమంది చేరారు. మొదటి గేమ్‌లో సింధు 16-19తో వెనకబడి, వరుసగా ఐదు పాయింట్లు తెచ్చుకుని 21-19తో గెలిచింది. తర్వాతి రెండు గేమ్‌లు 12-21, 15-21తో పోయాయి. అయితేనేం, ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయింది.

సోమవారం బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చింది. మొదటి గేమ్ చివర్లో ఆమె బిందె పట్టుకుని నీళ్ళకు వెళ్ళిందట. తిరిగి వచ్చి కూర్చున్నాక రెండో గేమ్ పోయింది. "నీ పాదం మంచిగ లేదు బిడ్డా, బయట కూచో" అన్నాడట వాళ్ళ చిన్నాయన. మూడో గేమ్ అంతా అరుగు మీద కూర్చుని లోపలి కేకలు విన్నది. అయినా సింధు ఓడిపోయింది. ఆ పిల్ల నన్ను అడిగింది: "మధ్యల ఒక్కసారి కిటికీల నుంచి చూసిన సార్. అందుకేనా?"

ఈ ప్రశ్నకు "ఛ, అదేం లేదు" అంటే చాలదు. ఎందుకు లేదో చూద్దాం.

రియో నగరం మనకు సుమారు 14,000 కిలోమీటర్ల దూరంలో వుంది. అక్కడి బొమ్మ మన దగ్గరకు ఎలా వస్తుంది? సముద్రం అడుగున వేసిన తీగల గుండా రావచ్చు, భూస్థిర ఉపగ్రహం మీదుగా రావచ్చు. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుంటుంది. అంటే పైకి 36,000, కిందికి 36,000, మొత్తం 72,000 కిలోమీటర్లు. రేడియో తరంగాలు సెకనుకు 3,00,000 కిలోమీటర్లు పోతాయి. భాగించి చూడండి: 0.24 సెకను. ఒక్క ప్రయాణానికే పావు సెకను అన్నమాట! టీవీ సంస్థ నుంచి మీ ఇంటి డిష్‌కు రావాలంటే అలాంటి ప్రయాణం మరొకటి చెయ్యాలి. మధ్యలో యంత్రాలు ఆ బొమ్మను అంకెలుగా మార్చి, కుదించి, మళ్ళీ విప్పుతాయి. అన్నీ కలిసి కొన్ని సెకన్ల ఆలస్యం. సెల్‌ఫోన్‌లో చూస్తే ఇంకా ఎక్కువ.

నమ్మకం కుదరకపోతే చెవులు రిక్కించండి. మీరు ఫోన్‌లో చూస్తూ వుండగా, పాయింటు ఇంకా తేలకముందే పక్క వీధిలో టీవీ చూసేవాళ్ళు "హో" అని అరుస్తారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. అంత మెల్లగా నడిచే ధ్వని కూడా మీ ఫోన్ బొమ్మకంటే ముందు వచ్చేసింది! కాబట్టి, "అయ్యో, ఈ షాట్ తగలాలి" అని మీరు కాలు బిగించే సమయానికి ఆ షటిల్ నేలమీద పడి, ఆటగత్తె చెమట తుడుచుకుంటూ వుంటుంది.

"ఆ పాయింటు అయిపోయింది సరే, తర్వాతి పాయింటు మాటేమిటి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. బొమ్మ కెమెరా నుంచి బయలుదేరి మీ టీవీకి వస్తుంది. మీ టీవీ నుంచి ఆ కోర్టుకు పోయేది ఏదీ లేదు. దారి ఒకవైపే.

మరి అంతమంది అలా ఎందుకు అనుకుంటారు? దీనికి మన శరీరమే కొంత కారణం. ఉత్కంఠ కలిగినప్పుడు మూత్రపిండాల పైన టోపీల్లా వుండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమరుస్తాయి, కాలేయం నుంచి గ్లూకోజు రక్తంలోకి వస్తుంది. పరుగెత్తడానికో, పోట్లాడడానికో శరీరం చేసే సన్నాహం ఇది. కాని మనం చాపమీద కూర్చుని వున్నాం! ఇది ఉత్తుత్తి సన్నాహం కూడా కాదు. 2006లో జర్మనీలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో వైద్యులు లెక్కలు తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు వున్నాయి. గుండెజబ్బు వున్న తాతగారు ఇంట్లో వుంటే కుర్చీ మార్చడం కాదు, ఆయన మందులు వేసుకున్నారో లేదో చూడండి.

ఒళ్ళంతా ఇలా సిద్ధమై, చెయ్యడానికి పనేమీ లేనప్పుడు మనం ఏదో ఒక పని కల్పించుకుంటాం. పావురాలు కూడా ఇలాగే చేశాయట! అమెరికా శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో ఈ ప్రయోగాన్ని ప్రకటించాడు. ఆకలితో వున్న పావురాన్ని పెట్టెలో వుంచి, అది ఏం చేసినా చెయ్యకపోయినా నిర్ణీత వ్యవధికి గింజలు అందేట్టు ఏర్పాటు చేశాడు. ఎనిమిది పావురాల్లో ఆరు వింత అలవాట్లు పట్టాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి తలను పెట్టె మూలకు పొడిచేది. ఆ పని వల్లే గింజలు వస్తున్నాయని అనుకున్నట్టుగా వున్నదని స్కిన్నర్ వివరించాడు. (1971లో మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేసి, వాటిలో చాలా పనులు మేతకోసం ఎదురుచూసే పావురానికి సహజమైనవేనని చెప్పారు. సైన్సులో ఇలాంటి దిద్దుబాట్లు మామూలే.)

ఇంకో సంగతి. ఆ ఫైనల్‌లో మొత్తం పాయింట్లు కూడండి. సింధుకు 48, మారిన్‌కు 61, వెరసి 109. గదిలో పదిమంది వుంటే ప్రతి పాయింటుకూ ఎవరో ఒకరు కదులుతూనే వుంటారు. కదిలినవాళ్ళలో ఎవరో ఒకరిమీద నింద పడక తప్పదు. పైగా పాయింట్లు వరుసగా పోతే కారణం వుండి తీరాలని మనకు తోస్తుంది. ఒక రూపాయి నాణెం తీసుకుని ఇరవై సార్లు ఎగరవేసి బొమ్మా బొరుసూ రాసుకోండి. అలా ఇరవై సార్ల ఆట నాలుగుమార్లు ఆడితే, సుమారు మూడింటిలో ఎక్కడో ఒకచోట బొమ్మో బొరుసో వరుసగా నాలుగుసార్లు కనిపిస్తుంది. నాణెం ఎవరి పాదాన్నీ చూడలేదు కదా!

ఆ అమ్మాయికి నేను కాగితం మీద నాలుగు గళ్ళు గీసి ఇచ్చాను. నేను చూశాను - పాయింటు వచ్చింది. నేను చూశాను - పోయింది. చూడలేదు - వచ్చింది. చూడలేదు - పోయింది. "మీ చిన్నాయనకు ఇందులో ఎన్ని గళ్ళు గుర్తున్నాయి?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "నేను కూచున్నప్పుడు పోయినవే సార్" అన్నది. మూడో గేమ్‌లో తను అరుగు మీద వున్నప్పుడు పోయిన పాయింట్లను "చూడలేదు - పోయింది" గడిలో తనే వేసుకుంది. మారిన్‌కు వచ్చిన ఆ 21 పాయింట్లలో, కిటికీలోంచి చూసినప్పుడు పోయినవి ఒకటో రెండో.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సు. మీ ఇంట్లో ఎవరినైనా లేచి పొమ్మంటే వాళ్ళ పేరుమీద ఈ నాలుగు గళ్ళు నింపండి. ఒక్క పాయింటు కూడా వదలకూడదు. గళ్ళు మాత్రం ముందే గీసి పెట్టుకోండి. ఆట మొదలయ్యాక ఎడ్రినలిన్‌తో చెయ్యి వణికి గీత వంకరపోతుంది.