పేజీలో పాడ్‌కాస్ట్: వినిపించేది ఒకచోట, ఉండేది మరోచోట

వార్తా కథనం చదువుతుండగా మధ్యలో ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. మీట నొక్కితే సంబంధిత పాడ్‌కాస్ట్ అక్కడే వినిపిస్తుంది. దీనినే ఎంబెడ్ చేయడం అంటారు. తెలుగులో ‘పొందుపరచడం’ అని రాస్తున్నాం. ఈ అనువాదం కొంత తప్పుదోవ పట్టిస్తుంది. పొందుపరచడమంటే లోపల చేర్చి భద్రపరచడం. ఎంబెడ్ చేసిన ధ్వని మాత్రం చాలా సందర్భాల్లో ఆ పేజీలో భద్రంగా ఉండదు. అక్కడ ఉండేది మరొకరి సర్వర్‌లోకి తెరిచిన కిటికీ మాత్రమే.

పాడ్‌కాస్ట్‌కు మూలం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. ధ్వని ఫైలు చిరునామాను ఫీడ్‌కు జతచేసే పద్ధతిని అమెరికాకు చెందిన సాఫ్ట్‌వేర్ రూపకర్త డేవ్ వైనర్ 2000 సంవత్సరం చివర్లో ప్రవేశపెట్టారు. ‘పాడ్‌కాస్టింగ్’ అనే మాట 2004లో బ్రిటన్ పత్రిక ‘ది గార్డియన్’ వ్యాసంలో కనిపించింది. ఫీడ్ నిర్మాత చేతిలో ఉన్నంతకాలం ఏ యాప్ మూతపడినా కార్యక్రమం మిగులుతుంది. ఎంబెడ్ పెట్టెకు ఆ హామీ లేదు.

స్పాటిఫై, యూట్యూబ్ వంటి వేదికలు ఇచ్చే కోడ్‌ను పేజీలో అతికించడం సులభమైన మార్గం. ఖర్చు లేదు, నిమిషంలో పని పూర్తవుతుంది. అయితే వేదిక ఆగిపోయినా, నిర్మాత ఆ భాగాన్ని తొలగించినా పెట్టె ఖాళీ అవుతుంది. స్టిచర్ 2023 ఆగస్టులో, గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడ్డాయి. రోజువారీ వార్తకు ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. కానీ ‘మంత్రి ఈ కింది సంభాషణలో అంగీకరించినట్లు’ అని రాసిన కథనాన్ని అయిదేళ్ల తరువాత ఒక పరిశోధకుడు తెరిచినప్పుడు కింద ఏమీ లేకపోతే, ఆధారమే పోయినట్లవుతుంది. పైగా పాఠకుడు మీట నొక్కకముందే ఆ కోడ్ వేదిక సర్వర్‌ను సంప్రదిస్తుంది, కుకీలను కూడా ఉంచవచ్చు. ముందుగా బొమ్మను మాత్రమే చూపి, నొక్కిన తరువాతే పెట్టెను తెరిపించడం మర్యాద.

రెండో మార్గం, ధ్వని ఫైలును సొంత సర్వర్‌లో ఉంచి, హెచ్‌టీఎంఎల్5లోని ఆడియో ట్యాగ్‌తో వినిపించడం. సెకనుకు 128 కిలోబిట్ల వేగంతో రికార్డు చేసిన 30 నిమిషాల భాగం సుమారు 29 మెగాబైట్లు ఉంటుంది. సంగీతం లేని మాటలకు 64 కిలోబిట్ల మోనో ధ్వని చాలు. పరిమాణం సగానికి తగ్గుతుంది. మీట నొక్కేవరకు ఫైలు దిగుమతి కాకుండా ప్రీలోడ్‌ను ‘నన్’ అని అమర్చాలి. లేనిచో పరిమిత డేటాతో చదివేవారు వినని ధ్వనికి కూడా మూల్యం చెల్లించాల్సి రావచ్చు.

ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా పక్కన లిఖిత పాఠం ఉండవలసిందే. వినికిడి లోపం ఉన్నవారికి అదొక్కటే దారి. వెబ్ సౌలభ్య ప్రమాణాలు కూడా దీనిని కనీస స్థాయిలోనే నిర్దేశించాయి. 2014 అక్టోబరు 3న ఆకాశవాణిలో మొదలైన ‘మన్ కీ బాత్’ పాఠాలను పత్రికా సమాచార కార్యాలయం తెలుగులోనూ విడుదల చేస్తోంది. ఆ ప్రసంగాల నుంచి ఒక వాక్యాన్ని ఉటంకించాలంటే పాఠాన్ని వెతకడమే తేలిక.

యంత్రం రాసిన తెలుగు పాఠాన్ని మాత్రం మనిషి సరిచూడకుండా ప్రచురించరాదు. సంధులు, ఆంగ్ల పదాల కలయిక, ఊళ్ల పేర్లు దానిని తికమకపెడతాయి. ‘వచ్చారు’ అన్నది ‘వచ్చాడు’గా మారితే తేడా ఒక్క అక్షరమే, కానీ వక్త చూపిన గౌరవం పోతుంది, ఆ అమర్యాద ఆయనదేనని పాఠకుడు అనుకుంటాడు.

కథనానికి అవసరమైన మాట 17వ నిమిషంలో ఉంటే, ఆ సంగతి పెట్టె పైనే రాయాలి. సొంత ఫైలైతే చిరునామా చివర ప్రారంభ సమయాన్ని సెకన్లలో, అంటే 1020గా, చేర్చి నేరుగా అక్కడి నుంచే వినిపించవచ్చు.