బండి బ్యాటరీతో ల్యాప్‌టాపును, సెల్‌ఫోనులను ఛార్జి చేయు విధము

తుపాను వెలిసిన మరునాడు గ్రామమునకు మొదట కావలసినది త్రాగునీరు. ఆ వెనుక కావలసినది కబురు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడును, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాపై విరుచుకుపడి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినపుడును, విద్యుత్ స్తంభములు వేల సంఖ్యలో ఒరిగిపోయి అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండినవి. స్తంభము కూలిన పిమ్మట సెల్‌ఫోను ఒక దినము, మహా అయిన రెండు దినములు పలుకును. అటుపిమ్మట 108కి గాని 112కి గాని పిలుచుటకు సాధనము లేదు. కూలిన ఇండ్ల పట్టిక, మునిగిన పొలముల పట్టిక వ్రాయవలసిన పంచాయతీ ల్యాప్‌టాపు అంతకంటె ముందే నిద్రపోవును.

అయితే అట్టి దినములలోను ఊరిలో విద్యుత్తు బొత్తిగా లేకపోలేదు. ప్రతి ట్రాక్టరులోను, ప్రతి జీపులోను ఒక బ్యాటరీ, దానిని నింపు ఆల్టర్నేటరు అను చిన్న యంత్రము ఉన్నవి. ఇంజను తిరుగుచున్నంతసేపు విద్యుత్తు పుట్టుచునే యుండును. దానిని ఫోనులోనికి, ల్యాప్‌టాపులోనికి క్షేమముగా చేర్చుట యెట్లన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబును మనకంటె ముందు వెదకినవారు వేరే యున్నారు. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో క్యాంపర్ వ్యాను అను బండి కలదు. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అందులోనే అమర్చుకొని కొందరు నెలల తరబడి దేశాటనము చేయుదురు. వారిలో పలువురు ఆ బండిలోనే కూర్చుండి ల్యాప్‌టాపుపై ఉద్యోగము కూడ చేసికొందురు. కరెంటు స్తంభము ఎరుగని అడవి అంచున బండి నిలిపి, మరునాడు ఉదయము ఇంజను మరల కదలునట్లు చూచుకొనవలసిన అవసరము వారికి నిత్యకృత్యము. వారి విలాసము మనకు అక్కరలేదు గాని, వారి లెక్క మన ట్రాక్టరునకు చక్కగా పనికివచ్చును.

ఆ లెక్కను మనమెరిగిన కరెంటు బిల్లు నుండియే ఆరంభింతము. బిల్లులో యూనిట్ అనగా వెయ్యి వాట్ల పరికరము ఒక గంట నడచుటకు పట్టు విద్యుత్తు. నూరు వాట్ల దీపము పది గంటలు వెలిగినను అంతియే. బండి బ్యాటరీ సాధారణముగా 12 వోల్టులది. దానిపై 80 ఆంపియర్ అవర్లు అని వ్రాసియున్నచో 12ను 80చే గుణింపగా 960 వచ్చును. అనగా నలుగురు పట్టి మోయవలసినంత గంభీరముగ కనిపించు ఆ పెట్టెలో నున్నది నిండ ఒక యూనిట్ కూడ కాదు! ఇది విని కొందరు సభ్యులు నిరుత్సాహపడవచ్చును. పడనక్కరలేదు. నేటి సెల్‌ఫోను ఒకమారు పూర్తిగా నిండుటకు ఇరువది వాట్ అవర్లకు లోబడియే పట్టును. దారిలో పోవు నష్టముతో కలిపి ఇరువదియైదు అనుకొందము. ఆ చొప్పున ఒక్క యూనిట్‌తో నలుబది ఫోనులు నిండును. ల్యాప్‌టాపునకు సుమారు ఏబది, నష్టముతో అరువది.

ఇచ్చట ఒక ముఖ్య విషయము కలదు. ఇంజనును కదలించు బ్యాటరీ, దీర్ఘకాలము కొద్దికొద్దిగా విద్యుత్తు నిచ్చుటకు చేసినది కాదు. రెండు మూడు సెకనుల పాటు వందల ఆంపియర్లను ఒక్కమారుగా విసరుటయే దాని పని. దానిని లోతుగా ఖాళీ చేసిన కొలది లోపలి సీసపు పలకలు చెడును. పలుమార్లు అట్లు చేసిన బ్యాటరీ త్వరగా పాడగును. కావున ఇంజను ఆపియుంచిన బండి నుండి నాల్గవ వంతుకు మించి తీయరాదని మా సలహా. పై బ్యాటరీలో నాల్గవ వంతు 240 వాట్ అవర్లు. తొమ్మిది ఫోనులు, లేదా నాలుగు ల్యాప్‌టాపులు. అంతటితో ఆపవలెను. ఎలక్ట్రీషియను వద్దనుండు మల్టీమీటరుతో కొలిచినచో, నిండుగా నుండి విశ్రాంతిలో నున్న బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపును. 12.4కు దిగినచో జాగ్రత్త పడవలెను, 12.2 అనగా సగము ఖాళీ యైనదని అర్థము. రోగిని పట్టణమునకు చేర్చవలసిన జీపు పదిమంది ఫోనుల కొరకు కదలలేక నిలిచిపోవుట ఏ పంచాయతీకిని తగదు.

ఇంజను నడుపుచు ఛార్జి చేసిన ఈ చిక్కు లేదు. అప్పుడు ఆల్టర్నేటరు సుమారు 14 వోల్టుల వద్ద విద్యుత్తు నిచ్చుచుండును. ఊరక నిలిపి ఇంజను తిప్పుట డీజిలు దండుగ యని కొందరందురు, నిజమే. కావుననే నీళ్ల ట్యాంకరు లాగునపుడు, బియ్యము తెచ్చుటకు మండల కేంద్రమునకు పోవునపుడు, బండి ఎట్లును నడచు సమయముననే ఛార్జింగు పెట్టుట ఉత్తమము. నిలిపియుంచి నడపక తప్పనిచో మూసిన షెడ్డులో మాత్రము నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. వర్షమునకు జడిసి తలుపులు మూసిన గదిలో అది మనుష్యులను నిద్రలోనే చంపును.

ఇక విద్యుత్తును పరికరములోనికి చేర్చు మార్గములు రెండు. మొదటిది ఇన్వర్టరు. ఇది 12 వోల్టులను ఇంటి కరెంటువలె 230 వోల్టులుగా మార్చును. మన ల్యాప్‌టాపు ఛార్జరును దానికి తగిలించిన అది మరల 20 వోల్టులకు దించును. ఎక్కించి దించుటలో కొంత విద్యుత్తు వేడియై పోవును. ఏమియు తగిలించకున్నను ఇన్వర్టరు తన ఖర్చు తాను తినుచునే యుండును. చౌకరకము ఇన్వర్టర్ల కరెంటు అల ఒడిదుడుకులతో నుండుటచే కొన్ని ఛార్జర్లు గుయ్యిమని వేడెక్కుట కూడ కలదు.

రెండవ మార్గము సూటియైనది. బండిలో సిగరెట్టు ముట్టించుకొనుటకని పూర్వము పెట్టిన గుండ్రని సాకెట్టునందు తగిలించు చిన్న ఛార్జరు దొరకును. ఫోనులకు అది చాలును. ల్యాప్‌టాపునకైనచో ఆ ఛార్జరుపై ‘పి.డి.’ అను అక్షరములు, 65 వాట్లు లేక అంతకు మించిన సంఖ్య ఉన్నవేమో చూడవలెను. ఈ రకపు ఛార్జరు పరికరముతో ముందు సంప్రదించి 5 మొదలు 20 వోల్టుల వరకు దానికి తగిన వోల్టేజినే యిచ్చును. అందుచే ఒకే తీగతో ఫోనును, ల్యాప్‌టాపును నింపవచ్చును. అయితే ల్యాప్‌టాపునకు కోడిగ్రుడ్డు వంటి అండాకారపు టైప్-సి రంధ్రము ఉండవలెను. అది ఛార్జింగునకు పనికివచ్చునదిగా కూడ ఉండవలెను. పాత గుండ్రని పిన్ను గల ల్యాప్‌టాపులకు ఇన్వర్టరును వాడవచ్చును. పంచాయతీ కొరకు ఇకముందు ల్యాప్‌టాపు కొనువారు ఈ ఒక్క సంగతిని అడిగి కొనిన మేలు.

లారీ వంటి పెద్ద బండ్లలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేయుదురు. ఛార్జరుపై ‘12–24’ అని ఉన్ననే అందులో పెట్టవలెను.

తీగల సంగతి సభ్యులు తేలికగా తీసికొనరాదు. పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు కనుక నిరపాయమని ఒక అభిప్రాయము గ్రామములలో మేము తరచు వినుచున్నాము. షాకు కొట్టదు గాని ఇల్లు కాల్చగలదు. ఇంటి కరెంటుపై 200 వాట్లకు ఒక ఆంపియరైనను పట్టదు; అవే 200 వాట్లు 12 వోల్టుల వద్ద దాదాపు 17 ఆంపియర్లగును. ఇరువది ఫోనులు ఒక్కమారుగా తగిలించిన ఇంతయు పట్టును. సన్నని దీపపు తీగ అంత ప్రవాహమునకు ప్రమాదకరముగా వేడెక్కును. బండి సాకెట్టునకు సాధారణముగా 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు మాత్రమే ఉండును. అది పోయినచో తీగముక్క చుట్టి పని జరుపుకొనుట ప్రమాదమును పిలుచుటయే. ఎక్కువ ఫోనులు పెట్టవలసినపుడు బ్యాటరీ నుండియే వేరుగా మందపు రాగి తీగ తీయించి, ప్లస్ కొనకు జానెడు దూరములోనే దానికి తగిన ఫ్యూజు పెట్టించవలెను. ఇది ఆటో ఎలక్ట్రీషియనునకు పూటపని.

క్యాంపర్ వ్యానువారి అసలు రహస్యము రెండవ బ్యాటరీలో ఉన్నది. ఇంజను బ్యాటరీని ముట్టకుండ, ఫోనులకు, దీపములకు వేరొకటి ఉంచుకొందురు. బండి నడచునపుడు అదియు నిండును. నేడు వారు లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకమును వాడుచున్నారు. నూరు ఆంపియర్ అవర్ల బ్యాటరీ పండ్రెండు కిలోల ప్రాంతమున తూగుచు, దాదాపు ఒక యూనిట్ విద్యుత్తును నిస్సంకోచముగా ఇచ్చును. దీనిని ఆల్టర్నేటరునకు నేరుగా కలుపరాదు; అది దాహముతో నున్న ఎద్దువలె ఒక్కపెట్టున లాగి ఆల్టర్నేటరును కాల్చును. నడుమ డీసీ–డీసీ ఛార్జరు అను నియంత్రణ పెట్టె ఉండవలెను. ఖర్చు చిన్నది కాదు. ప్రతి పంచాయతీ దీనిని కొనవలెనని మేము చెప్పము. పలు పంచాయతీ కార్యాలయములలో కరెంటు పోయినపుడు ఫ్యాను తిరుగుటకై పెట్టిన ఇన్వర్టరు బ్యాటరీ ఇదివరకే కలదు. అది 150 ఆంపియర్ అవర్లదైనచో 1800 వాట్ అవర్లు. అందు సగము వాడినను ముప్పదియారు ఫోనులు నిండును. తుపాను హెచ్చరిక వచ్చిన నాటి నుండి ఫ్యానులు ఆపి ఆ బ్యాటరీని కాపాడుకొనినచో చాలును.

ఎండ వచ్చిన పిమ్మట సౌరఫలకము తోడుపడును. బండి పైకప్పుపై పరచిన నూరు వాట్ల పలక మంచి యెండ గల దినమున సుమారు 400 వాట్ అవర్ల విద్యుత్తు నిచ్చును. ముసురు పట్టిన దినమున అందులో చిన్న భాగమే వచ్చును. అవసరము మిక్కిలిగా నున్న దినముననే అది చేయి ముడుచుకొనునన్న మాట.

పవరు బ్యాంకుల విషయములో ఒక మాట. 10,000 అని వ్రాసిన పవరు బ్యాంకు 5,000 ఫోనును రెండుమార్లు నింపునని కొన్నవారు తలంతురు. ఒకటిన్నర మారు నింపిన గొప్ప. లోపలి ఘటము 3.7 వోల్టులది, దానిని 5 వోల్టులకు పెంచి యిచ్చుటలో తక్కినది కరిగిపోవును. నీటిలో తడిసిన ఫోనును, ఉబ్బిన పవరు బ్యాంకును ఏ బండికిని తగిలింపనీయరాదు. బ్యాటరీ అంటుకొనినచో ఆర్పుట బహుకష్టము.

అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. సెప్టెంబరులోనే ఒక సాయంకాలము సభ్యులలో ఎవరి ట్రాక్టరునైనను కార్యాలయము ముందునకు తెచ్చి, ఛార్జరు, మందపు తీగ, ఫ్యూజులు, మల్టీమీటరు ఒక మూతగల డబ్బాలో సిద్ధపరచి, ల్యాప్‌టాపు నిజముగా ఛార్జి యగుచున్నదో లేదో పరీక్షింపవలెను. ఎవరి ఫోనులు ముందన్నది కూడ అప్పుడే తీర్మానించుట మంచిది. లైనుమాన్, ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి, నెలలు నిండిన గర్భిణి గల ఇల్లు ముందు వరుసలో నుండవలెను. సర్పంచి ఇంటి ఫోనులన్నియు ముందనుట సరికాదు. ఒక్కొక్క ఫోను సగము నిండగానే తీసి రెండవదానికి చోటివ్వవచ్చును. ఫోనులన్నియు ఒకే పోలికగా నుండును గనుక వెనుకవైపున కాగితపు పట్టీ అంటించి ఇంటి పేరు వ్రాయుటకు ఆ డబ్బాలో ఒక పెన్ను కూడ వేయవలెను.