కాఫీ తొక్కు - అడవికి విందు

డికాక్షన్ దించుకున్న తరువాత ఫిల్టరులో మిగిలే పిప్పిని మా ఇంటావిడ గులాబీ మొక్క మొదట్లో వేస్తుంది. “అది మనకు పిప్పి గాని, మొక్కకు కాదు గదండీ!” అంటుంది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ మాటలోని శాస్త్రం అరకు కొండలు ఎక్కిన తరువాత గాని బోధపడలేదు.

విశాఖపట్నంలో రైలెక్కి, సొరంగాలు దాటుకుంటూ పోతే అరకు లోయ వస్తుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని సీమ అది. అక్కడ గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కాఫీ బోడినేల మీద పెరిగేది కాదు. సిల్వర్ ఓక్ వంటి పెద్ద చెట్ల నీడన, మిరియపు తీగెల పొరుగున పెరుగుతుంది. అంటే, చెట్టు నిలిస్తేనే పంట!

మనం కాఫీ గింజ అంటాం గాని, కొమ్మకు కాసేది ఎర్రని పండు. కోసిన పండ్లను యంత్రంలో వేసి తొక్కు ఒలుస్తారు. పండు బరువులో నూటికి సుమారు 40 పాళ్లు ఈ తొక్కే. దానిని గెడ్డలో పారబోస్తే కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించి, చేపలను చంపుతుంది. దిగువ వూళ్లవారికి ఆ నీరే ఆధారం. అదే తొక్కును పేడ, ఎండుటాకులతో పొరలుగా పేర్చి, తడి ఆరనీయక, అప్పుడప్పుడు తిరగవేస్తే కొన్ని నెలలలో నల్లని కంపోస్టు అవుతుంది. తొక్కులోని పొటాషు తిరిగి చెట్ల మొదళ్లకే చేరుతుంది. వాలు నేలలో వాననీటిని పట్టి వుంచేదీ ఆ ఎరువే.

ఇంతకంటె వింత కోస్టారికాలో జరిగింది. 1990లలో ఒక నారింజరసం కంపెనీ సుమారు 12,000 టన్నుల తొక్కను పాడుబడిన పచ్చికబీడులో పోసింది. పోటీ కంపెనీ కోర్టుకెక్కగా ఆ పని ఆగిపోయింది. 2013లో పరిశోధకులు వెళ్లి చూస్తే, గుర్తుగా పెట్టిన బోర్డు సైతం కనబడనంత అడవి! తొక్క వేయని పక్కనేలతో పోలిస్తే అక్కడి చెట్ల రాశి 176 శాతం అధికమని 2017లో ప్రకటించారు.

అయితే, దొరికిన చెత్తనల్లా అడవికి మోయమని నా భావం కాదు. దట్టమైన అడవికి రాలిన ఆకులే ఎరువు. వాటికి నిప్పు పెట్టకుంటే చాలు. కంపోస్టు కావలసింది బోడికొండల మీద మొక్కలు నాటే గుంటలకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖలో ఎన్ని చెట్లను కూల్చిందో మనం కళ్లారా చూశాం గదా! కాని గాజుపెంకులు, ప్లాస్టిక్ సంచులు, బ్యాటరీలు కలిసిన చెత్తతో చేసిన ఎరువు మేలు చేయకపోగా హాని చేస్తుంది. మట్టిలో దిగిన సీసాన్ని తీయడం ఎవరి తరం? ఆ ఏరివేత జరగవలసింది కొండ మీద కాదు, మన వంటింట్లో.

మా ఇంట్లో ఇప్పుడు రెండు బుట్టలు. మొన్న నేను పరధ్యానంగా పాలపాకెట్టును తడిచెత్తలో వేశాను. “ఇదే మీ విద్యార్థి చేస్తే సున్న వేసేవారు కారూ?” అన్నది ఇంటావిడ.

మారుమాట్లాడక సున్న వేసుకుని, పాకెట్టు తీసి పక్కబుట్టలో వేశాను.