కెమెరా లేని రోజుల్లో కొండ పిట్టల రంగులు ఎలా దాచారు?

శంషాబాద్ వైపు ఉండేవాళ్ల ఫోన్లలో ఒక్క నెమలి వీడియో అయినా ఉండే ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల బండరాళ్లు, గుట్టలు, తుప్పలు ఇంకా ఉన్నాయి కదా. పిట్ట కనిపిస్తే జూమ్ చేస్తాం, క్లిక్ కొడతాం, అంతే. మరి 200 ఏళ్ల కింద ఏం చేసేవాళ్లు?

అప్పట్లో పిట్టను చంపి, చర్మం ఒలిచి, లోపల దూది కుక్కి దాచేవాళ్లు. ఈకల రంగు ఏళ్ల తరబడి ఉండేది. కానీ కంటి రంగు, కాళ్ల రంగు, ముక్కు మొదట్లో ఉండే చర్మం రంగు? అవి చచ్చిన కొద్దిసేపటికే మారిపోతాయి. పిట్టను గుర్తుపట్టడానికి ఒక్కోసారి అవే కీలకం. అందుకే వాటర్‌కలర్ కావాల్సి వచ్చింది. నీళ్లతో కలిపే రంగు త్వరగా ఆరుతుంది, పల్చగా పొర మీద పొర వేస్తే ఈక మెత్తదనం కూడా వస్తుంది, సామానంతా చిన్న పెట్టెలో పడుతుంది. పిట్ట తాజాగా ఉండగానే పని అయిపోవాలి.

ఈ పని అద్భుతంగా చేసిన ఆవిడ ఎలిజబెత్ గ్విలిమ్. భర్త మద్రాసులో జడ్జి. 1801లో వచ్చి, 1807లో చనిపోయేదాకా ఆవిడ అక్కడే ఉంది. పిట్టల్ని చాలావరకు అసలు సైజులోనే వేసింది. ఇంకో విషయం తెలుసా? ఆవిడ తెలుగు కూడా నేర్చుకుంది! ఆ బొమ్మలు 1924లో లండన్‌లో బయటపడ్డాయి. ఇప్పుడు 121 పిట్టల బొమ్మలు కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఉన్నాయి.

తర్వాత మన నెల్లూరులో డాక్టర్‌గా పనిచేసిన జెర్డన్. 1843 నుంచి 1847 దాకా 50 బొమ్మలతో పిట్టల పుస్తకం వేశాడు. బొమ్మలు వేసింది ఎక్కువగా ఇక్కడి చిత్రకారులే. కానీ పుస్తకం అనగానే మనకు గుర్తొచ్చేది జెర్డన్ ఒక్కడే. తర్వాత రాసిన పుస్తకాల్లో ఆయన పిట్టల తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. ఆ పేర్లు చెప్పింది ఎవరు? ఇక్కడి జనమే కదా.

పేరుదేముంది అనుకుంటున్నారా? కలివికోడి కథ వినండి. నెల్లూరు, కడప కొండల దగ్గర జెర్డన్‌కు దొరికిన పిట్ట ఇది. 1848లో సైన్స్ రికార్డుల్లోకి ఎక్కింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, కడప జిల్లా లంకమల కొండల దగ్గర మళ్లీ కనిపెట్టారు. దారి చూపింది అక్కడ పిట్టలు పట్టేవాళ్లు. అది రాత్రిపూట తిరుగుతుందని వాళ్లకు తెలుసు. కలివి పొదల మధ్య ఉండే కోడి కాబట్టి కలివికోడి. అంటే ఎక్కడ వెతకాలో పేరులోనే ఉంది!

బొమ్మ రంగును దాచింది, పేరు చోటును దాచింది. రెండూ ఉంటేనే పిట్ట పూర్తిగా దొరుకుతుంది.

అందుకే ఈసారి గుట్ట మీద పిట్టను ఫొటో తీస్తే అక్కడితో ఆపకండి. తేదీ రాసుకోండి, ఏ పొద దగ్గరో రాసుకోండి. ఇంటికెళ్లి అమ్మమ్మకో తాతకో చూపించి, "దీన్ని మనవాళ్లు ఏమంటారు?" అని అడగండి. ఫోన్ రంగును మర్చిపోదు. పేరు మాత్రం అడగకపోతే వాళ్లతోనే పోతుంది. మీకు దొరికిన పేరు మాకు కూడా పంపండి. ఉంటా మరి, బై!